పేరు ఇచ్చినవాళ్లెందరు, నిలిచినవాళ్లెందరు? పెద్దవాళ్ల వ్యాయామ కార్యక్రమాల లెక్క

"కాళ్లూ చేతులూ ఆడుతుండగానే పోవాలి, మంచాన పడి ఒకరి చేత చేయించుకోకూడదు." పెద్దవాళ్ల నోట తరచుగా వినే మాట ఇది. డాక్టర్లు దీన్నే ఇంకో పేరుతో చెబుతారు గానీ కొలత ఒకటే. తన లేవడం, తన స్నానం, తన మెట్లు తనే చూసుకోగలగాలి.

ఈ కోరికను నిలబెట్టడానికే చాలా దేశాల్లో సామూహిక వ్యాయామ కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాకింగ్ గ్రూపులు, కుర్చీ సాయంతో చేసే క్లాసులు, తాయ్ చీ (చైనా నుంచి వచ్చిన నెమ్మది కదలికల వ్యాయామం) తరగతులు, ఇంటికి వచ్చి నేర్పి వెళ్లే పద్ధతులు. అయితే వీటి గురించి వచ్చే వార్తలు మాత్రం జనాన్ని తికమక పెడతాయి. ఒకసారి "వ్యాయామంతో పడిపోవడాలు దాదాపు పావు వంతు తగ్గాయి" అని చదువుతాం. మరోసారి "వేలమంది మీద పరిశీలించారు, ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదు" అని చదువుతాం. రెండూ నిజమే.

"ఈ కార్యక్రమం పనిచేస్తుందా?" అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోవడం వల్లే ఈ తికమక అని నాకనిపిస్తుంది. వ్యాయామం ముసలి ఒంటికి మేలు చేస్తుందా? అది ఎవరికి అవసరమో వాళ్లే వస్తున్నారా? వచ్చినవాళ్లు నిలుస్తున్నారా? మొదటి ప్రశ్నకు జవాబు గట్టిగానే ఉంది. చిక్కంతా మిగతా రెండింటి దగ్గరే.

"రోజూ నడుస్తున్నాను కదా, ఇంకేం కావాలి?"

ముందు రెండు మాటలు విడదీయాలి. కండరాలు కదిలి, ఒంట్లో శక్తి ఖర్చయ్యే ఏ పనైనా శారీరక శ్రమే. ఇల్లు ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం, మెట్లెక్కడం అన్నీ అందులోకే వస్తాయి. వ్యాయామం అందులో ఒక భాగం. బలమో, ఊపిరో, బ్యాలెన్సో పెంచుకోవాలని ఒక పద్ధతి ప్రకారం మళ్లీ మళ్లీ చేసేది వ్యాయామం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ ఉండాలి. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. దానికి తోడు వారంలో కనీసం 2 రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం, 3 రోజులైనా బ్యాలెన్స్ మీద దృష్టి పెట్టే వ్యాయామం చేయాలి. మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలుగుతున్నారు కానీ పాట పాడలేకపోతున్నారంటే అది మధ్యస్థ శ్రమ. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది గట్టి శ్రమ.

ఈ సూచనలు విన్నవాళ్లకు మొదటి భాగం గుర్తుంటుంది, తక్కిన రెండూ మరుగున పడతాయి. నడక గుండెకు, ఊపిరితిత్తులకు మంచిది. కానీ చదునైన దారి మీద మెల్లగా నడిస్తే తొడల మీద పెద్దగా భారం పడదు. పక్కకు తూలినప్పుడు నిలదొక్కుకోవడం కూడా దానివల్ల అంతగా అలవాటు కాదు. కాబట్టి నడక ఒక్కటే ఉన్న కార్యక్రమం మంచిదే గానీ సగం పనే చేస్తుంది.

పదివేల అడుగుల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వ్యాపించింది. దాని వెనుక వైద్య పరిశోధన లేదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీల అడుగులను లెక్కగట్టారు. రోజుకు 2,700 అడుగులు నడిచేవాళ్లతో పోలిస్తే 4,400 అడుగులు నడిచేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 అడుగులు దాటాక అదనపు తేడా కనిపించలేదు. అయితే ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే ఎక్కువ నడిచి ఉండవచ్చు కాబట్టి ఈ తేడా మొత్తాన్ని అడుగుల ఖాతాలో వేయలేం. అయినా పదివేలు చేయలేక టెన్షన్ పడి మొత్తానికే మానేసేవాళ్లకు ఇది ధైర్యమిచ్చే సంగతి.

కుర్చీలోంచి లేవడంలో ఎంత ఉందో

చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచే మనిషిని ఒకసారి గమనించండి. ముందు పాదాలు కాస్త వెనక్కి లాక్కుంటారు. ఒళ్లు ముందుకు వంగుతుంది. బరువు కుర్చీ మీంచి పాదాల మీదికి మారుతుంది. అప్పుడు తొడలు, పిరుదులు బిగిసి ఒంటిని పైకి లేపుతాయి. లేచాక ముందుకు తూలకుండా ఆగడం మళ్లీ ఇంకో పని. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది కాబట్టి బాగున్నంతకాలం మనం పట్టించుకోం.

తొడల్లో సత్తువ తగ్గేకొద్దీ ముందు ఒక చెయ్యి ఆనుతుంది. తర్వాత రెండు చేతులతో నెట్టుకుని లేస్తారు. ఆ తర్వాత ఎత్తు కుర్చీ ఎక్కడుందా అని చూసుకుంటారు. చివరికి లేవడం కష్టమని లేవడమే తగ్గించుకుంటారు. ఇది ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది" అనుకుని ఊరుకుంటారు. వయసుతో కండ కరగడానికి 'సార్కోపీనియా' అని 1989లో ఒక పేరంటూ పెట్టాక గానీ వైద్యరంగం కూడా దీన్ని విడిగా చూడటం మొదలుపెట్టలేదు.

కరిగిన బలం తిరిగి వస్తుందా? 1990లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఈ విషయంలో డాక్టర్ల ఆలోచననే మార్చేసింది. సంరక్షణ గృహంలో ఉంటున్న పదిమంది, సగటున 90 ఏళ్లవాళ్లు, కాళ్లతో బరువులెత్తే వ్యాయామం ఎనిమిది వారాలు చేశారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. పదిమందితో చేసిన ప్రయోగాన్ని అందరికీ అన్వయించలేం. కానీ "ఈ వయసులో ఇంకేం బలం వస్తుంది" అన్న మాటకు అది గట్టి జవాబు. తర్వాత ఎక్కువమందితో చేసిన ప్రయోగాలూ అదే దారి చూపించాయి.

క్లాసుల్లో బలాన్ని కొలవడానికి వాడే పరీక్ష కూడా కుర్చీతోనే. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కిస్తారు. మొదటి నెలలో 7 సార్లు లేచిన మనిషి మూడో నెలలో 10 సార్లు లేస్తే, ఆ తేడా చూడటానికి రిపోర్టు అక్కర్లేదు. ఆ మనిషికే తెలుస్తుంది.

రెండు వార్తలూ నిజమెలా అయ్యాయి?

పడిపోవడాలు తగ్గాయన్న వార్తకు ఆధారం 2019లో వచ్చిన కాక్రేన్ సమీక్ష. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచి చూసే సంస్థ కాక్రేన్. 108 ప్రయోగాలు, 23 వేలకు పైగా మనుషుల ఫలితాలను కలిపి చూశారు. వ్యాయామం చేసినవాళ్లలో పడిపోవడాల రేటు 23 శాతం తగ్గింది. ఈ శాతాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూద్దాం. వెయ్యి మంది పెద్దవాళ్లలో ఏడాదికి 850 పడిపోవడాలు జరుగుతాయనుకుంటే, వ్యాయామంతో వాటిలో 195 తగ్గుతాయి. ఇక్కడో మెలిక ఉంది. 850 పడిపోవడాలంటే 850 మంది పడ్డారని కాదు. ఒకరే నాలుగుసార్లు పడి ఉండవచ్చు. ఒక్కసారైనా పడినవాళ్ల సంఖ్య చూస్తే తగ్గుదల 15 శాతమే. వార్తలో ఏ అంకె వేశారన్న దాన్ని బట్టి ఫలితం పెద్దదిగానో చిన్నదిగానో కనిపిస్తుంది.

బ్యాలెన్స్, రోజువారీ కదలికలను సాధన చేయించే వ్యాయామాలకు ఈ సమీక్షలో గట్టి రుజువు దొరికింది. నడక ఒక్కటే పడిపోవడాలను తగ్గిస్తుందా అన్నదానికి అంత గట్టి రుజువు దొరకలేదు.

ఇక రెండో వార్త. 2020లో ఇంగ్లండ్‌లో 70 దాటిన 9,803 మందితో ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఒక వర్గానికి పోస్టులో సలహాల పుస్తకం మాత్రమే పంపారు. ఇంకో వర్గానికి ప్రశ్నలు కూడా పంపి, పడే ప్రమాదం ఉందని తేలినవాళ్లను వ్యాయామానికి పిలిచారు. మూడో వర్గంలో అలాంటివాళ్లకు మందులు, చూపు, బీపీ వగైరా అన్నీ పరిశీలించారు. చివరికి ఎముకలు విరిగిన సంఖ్యలో మూడు వర్గాల మధ్య తేడా రాలేదు.

రెండింటినీ పక్కన పెట్టి చూస్తే అసలు విషయం తెలుస్తుంది. మొదటిది వ్యాయామం చేయడానికి ఒప్పుకుని వచ్చినవాళ్ల మీద ప్రధానంగా ఆధారపడింది. రెండోది వ్యాయామం చేసినా చేయకపోయినా ప్రయోగంలో ఉన్నవాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంది. వ్యాయామం వర్గంలోనే చాలామంది వ్యాయామం ముఖమే చూడలేదు. వాళ్లలో కొందరినే పిలిచారు, పిలిచినవాళ్లలోనూ అందరూ చేయలేదు. పైగా పడిపోవడం వేరు, ఎముక విరగడం వేరు. పడిన ప్రతిసారీ ఎముక విరగదు. మొదటి సమీక్ష మందు గుణం గురించి చెప్పింది, రెండో ప్రయోగం ఆ మందు ఎంతమంది నోటిదాకా వెళ్లిందో చెప్పింది.

ఎవరితో పోల్చారన్నది కూడా చూడాలి

ఈ రంగంలో పేరున్న ప్రయోగం 'లైఫ్ స్టడీ'. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,635 మంది, అప్పటికే నడక కాస్త బలహీనపడినవాళ్లు, అందులో ఉన్నారు. సగంమందికి నడక, బలం, బ్యాలెన్స్ కలిపిన వ్యాయామం. తక్కిన సగానికి ఆరోగ్యం మీద క్లాసులు. సగటున రెండున్నరేళ్లకు పైగా గమనించారు. 400 మీటర్ల దూరం ఎవరి సాయం లేకుండా నడిచే శక్తి కోల్పోయినవాళ్లు క్లాసుల వర్గంలో 35.5 శాతం, వ్యాయామం వర్గంలో 30.1 శాతం. వందమందిలో ఐదుగురు తమ నడకను నిలుపుకున్నారన్నమాట. చిన్న అంకెలా ఉంది. కానీ ఆ ఐదుగురి ఇళ్లలో అది చిన్న విషయం కాదు.

దీంట్లో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, పోల్చిన వర్గం కూడా ఇంట్లో ఒంటరిగా కూర్చోలేదు. వాళ్లూ వచ్చారు, నలుగురినీ కలిశారు. కాబట్టి వచ్చిన తేడాను "నలుగురితో కలవడం వల్లే" అని తీసిపారేయలేం.

నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ల మధ్యవాళ్లు 1,567 మందితో ఐదేళ్లు నడిచిన 'జనరేషన్ 100' ప్రయోగంలో మరణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ట్రైనర్ల పర్యవేక్షణలో వ్యాయామం చేసిన వర్గమూ, మామూలు సూచనలు పాటించమని వదిలేసిన వర్గమూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇది చూసి వ్యాయామం దండగ అనుకోవడం తొందరపాటు. వదిలేసిన వర్గంవాళ్లు కూడా బాగానే కదిలారు. అసలు ప్రయోగానికి వచ్చినవాళ్లే చురుకైనవాళ్లు. ఈదేవాళ్లను ఈదేవాళ్లతోనే పోల్చినప్పుడు ఈత విలువ తెలియదు.

వెయ్యి మందిలో చివరికి మిగిలేది ఎందరు?

ఇప్పుడొక ఊహా లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో 65 దాటినవాళ్లు 1,000 మంది ఉన్నారు. వ్యాయామ కార్యక్రమం మొదలైంది. 120 మంది పేర్లిచ్చారు. నెల తిరిగేసరికి 70 మంది వస్తున్నారు. ఏడాది తర్వాత 40 మంది మిగిలారు. ఆ 40 మందిలో 25 మంది అంతకుముందే రోజూ నడిచే అలవాటున్నవాళ్లు.

నడిపేవాళ్లు "120 మందిని చేర్చాం" అంటారు. విమర్శించేవాళ్లు "మూడింట రెండొంతులు మానేశారు" అంటారు. రెండూ ఈ లెక్కలోనివే. కానీ ఈ కార్యక్రమం కొత్తగా కదిలించింది 15 మందిని. నాకు ముఖ్యమనిపించే అంకె అదే, రిపోర్టుల్లో సాధారణంగా కనిపించనిదీ అదే. ఎందుకంటే దాన్ని తెలుసుకోవాలంటే చేరిన రోజునే "ఇంతకుముందు మీరు ఏం చేసేవారు?" అని అడిగి రాసిపెట్టుకోవాలి. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ 25 మందికి ఒరిగిందేమీ లేదని కాదు. అప్పటిదాకా నడక మాత్రమే చేసేవాళ్లకు ఇప్పుడు బలం, బ్యాలెన్స్ కూడా తోడయ్యాయి. 75 ఏళ్ల తర్వాత ఉన్న శక్తి జారిపోకుండా నిలుపుకోవడం కూడా సాధనే.

"బాగున్నవాళ్లే వస్తారు" అనే ఈ చిక్కు కొత్తది కాదు. 1953లో బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ, కూర్చుని నడిపే డ్రైవర్లకు ఎక్కువ అని చూపించింది. కదలిక విలువను లోకానికి చెప్పిన పరిశోధన అది. కానీ మోరిస్ అక్కడితో ఆగలేదు. 1956లో వాళ్ల యూనిఫారాల కొలతలు తీయించి చూశారు. డ్రైవర్ల నడుం కొలత ఉద్యోగంలో చేరిన తొలిరోజుల నుంచే ఎక్కువగా ఉంది. అంటే తేడాలో కొంత భాగం ఉద్యోగం మొదలుకాకముందే ఉంది. తన పరిశోధనను తనే ఇలా ప్రశ్నించుకున్న ఆ పద్ధతి ఈ కార్యక్రమాల రిపోర్టులకూ కావాలి.

రానివాళ్లు ఎందుకు రారు?

"బద్ధకం" అనే మాట తేలిగ్గా నోటికొస్తుంది. దగ్గరగా చూస్తే కారణాలు వేరు. క్లాసు జరిగేచోట బాత్రూమ్ ఉందో లేదో తెలియదు. మధ్యలో కూర్చోవడానికి కుర్చీ ఉండదు. వెనక నిల్చుంటే చెప్పేది వినపడదు, ముందు నిల్చుంటే అందరూ చూస్తారు. ఇంట్లో జబ్బుతో ఉన్న భర్తను గంటసేపు ఎవరికి అప్పగించి రావాలి? మోకాళ్లు నొప్పి, నడిస్తే ఇంకా అరుగుతాయేమోనని భయం. నిజానికి మోకీళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు తగిన వ్యాయామం నొప్పిని తగ్గిస్తుంది. కానీ ఆ మాట ఎవరో కూర్చుని నిదానంగా చెప్పాలి.

అన్నిటికన్నా బలమైనది పడిపోతానేమోనన్న భయం. ఒకసారి పడిన 78 ఏళ్ల ఒకావిడను ఊహించుకోండి. దెబ్బ పెద్దది కాదు. కానీ అప్పటినుంచి గోడ పట్టుకుని నడుస్తారు, బయటికి రావడం తగ్గిస్తారు. పిల్లలు "అమ్మా, నువ్వు లేవకు, మేం చేస్తాం" అంటారు. ప్రేమతోనే అంటారు. మూడు నెలలు గడిచేసరికి తొడల్లో ఉన్న కాస్త బలమూ తగ్గుతుంది, ఇంకోసారి పడే అవకాశం పెరుగుతుంది. భయం పడకుండా కాపాడినట్టే కనిపిస్తూ పడేందుకే దారి వేస్తుంది. వ్యాయామం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే ఇల్లు కదలని పరిస్థితి ఇలాగే ఏర్పడుతుంది.

క్లాసుకు పిలవాలా, ఇంటికి వెళ్లాలా?

న్యూజిలాండ్‌లో రూపొందిన 'ఒటాగో' పద్ధతి రెండోది ఎంచుకుంది. శిక్షణ పొందినవాళ్లు ఇంటికే వెళ్లి కాళ్ల బలానికి, బ్యాలెన్స్‌కు వ్యాయామాలు నేర్పుతారు. చీలమండకు కట్టుకునే బరువులను మెల్లగా పెంచుతారు. తొలి ప్రయోగాలను కలిపి చూస్తే పడిపోవడాలు 35 శాతం తగ్గాయి. బయటికి రాలేనివాళ్లను ఇది చేరుతుంది. కానీ ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్లాలి, మిగతా రోజుల్లో ఒంటరిగా చేసుకునే పట్టుదల ఉండాలి.

జపాన్‌లోని కోచి నగరం 2002లో ఇంకో దారి పట్టింది. చేతులకు, కాళ్లకు బరువు పెంచుకునే పట్టీలు కట్టుకుని, కుర్చీల్లో కూర్చుని మెల్లగా చేసే వ్యాయామాన్ని తయారుచేసి, నడిపే బాధ్యతను స్థానికులకే అప్పగించింది. ఇలా చేస్తే ఖర్చు తగ్గుతుంది, పక్కింటివాళ్లు పిలిస్తే కాదనలేక వస్తారు. ఫిజియోథెరపిస్టులు మాత్రం ఇక్కడొక న్యాయమైన ప్రశ్న వేస్తారు. వాలంటీర్ అందరికీ ఒకే బరువు, ఒకే వేగం పెడితే బలహీనులకు దెబ్బ తగలవచ్చు, గట్టివాళ్లకు ఏ ఫలితమూ రాకపోవచ్చు. బలం పెరగాలంటే భారం మెల్లగా పెరుగుతూ ఉండాలి, బ్యాలెన్స్ రావాలంటే కాస్త తూలేంత కష్టమైనా ఉండాలి. భద్రంగా ఉందని ఏడాదంతా అదే తేలిక వ్యాయామం చేయిస్తే కాలక్షేపమే మిగులుతుంది. ఈ రెండు వాదాల మధ్య నేను ఒకవైపు మొగ్గలేను. మొదట్లోనూ, మధ్య మధ్యలోనూ నిపుణులు ఒక్కొక్కరినీ చూసి భారం నిర్ణయించి, రోజువారీ క్లాసు వాలంటీర్లు నడిపే కలగలుపు పద్ధతి రెండు వాదాల బలాన్నీ వాడుకుంటుంది.

ఒక నెల ఖాళీ

1990 నాటి ఆ ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది. వ్యాయామం ఆపేశాక నాలుగు వారాల్లోనే సంపాదించిన బలంలో చెప్పుకోదగ్గ భాగం పోయింది. పెద్దవాళ్ల జీవితంలో అలాంటి నాలుగు వారాలు తరచుగానే వస్తాయి. ఒక జ్వరం, కంటి ఆపరేషన్, ఇంట్లో ఒకరి మరణం. నెల తర్వాత తిరిగి వచ్చిన మనిషికి పాత వరసలో పాత వేగం అందదు. పక్కవాళ్లు అలవోకగా లేస్తుంటే తను లేవలేక, మర్నాటి నుంచి రావడం మానేస్తారు. రిజిస్టరులో "మానేశారు" అని పడుతుంది.

కొన్నిచోట్ల దీనికి ఏర్పాటు ఉంటుంది. రెండు వారాలు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. వచ్చాక తిన్నగా పాత వరసలో నిలబెట్టరు. మొదటి వారం కూర్చునే చేయిస్తారు, పట్టీలో బరువు తీసేసి. రెండో వారం కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని మడమలు ఎత్తడం. మూడో వారం ఒక చెయ్యి. ఆ తర్వాత ఒక రోజు ఆ చెయ్యి కుర్చీకి అంగుళం పైన, అవసరమైతే పట్టుకోవడానికి సిద్ధంగా, గాల్లోనే ఆగి ఉంటుంది.